45 లక్షల్లో హైదరాబాద్‌లో ఫ్లాట్ రాదా? సిటీ వాళ్లు అసలేం చేస్తున్నట్టు?

నిజాంపేట_నాని
మూడు నెలలుగా మా ఇంట్లో ఆదివారం అంటే సైట్ విజిట్. నేను, మా ఆవిడ కలిపి నెలకు 78 వేలు తెచ్చుకుంటాం. ఒక పాప. దాచుకున్నది, అమ్మ ఇస్తానన్నది, లోన్ అన్నీ కలిపితే 45 లక్షలు, అంతకు మించి లాగితే తెగుతుంది. అమీన్‌పూర్, బాచుపల్లి, మల్లంపేట, ప్రగతినగర్ అన్నీ తిరిగాం. ఎక్కడికెళ్లినా మంచినీళ్ల బాటిల్ చేతిలో పెట్టి 48 అని మొదలుపెడతారు. పార్కింగ్, ఫ్లోర్ రైజ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ అని వరసగా కూడి లేచేసరికి 70 చేస్తారు. నాకు ఈత రాదు, స్విమ్మింగ్ పూల్‌కి డబ్బులెందుకు కట్టాలి?

బిల్డర్‌ని అడిగి లాభం లేదు, ఆయన వ్యాపారం ఆయనది. నా ప్రశ్న వేరే. పర్మిషన్ ఇచ్చేది జీహెచ్ఎంసీ (నగర కార్పొరేషన్), హెచ్ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) కదా. చిన్న ఇళ్లు, మాలాంటి వాళ్లు కొనగలిగే ఇళ్లు కట్టించడానికి వాళ్ల చేతిలో ఏమీ లేదా? ఉండీ వాడట్లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. రాజకీయాలు వద్దు ప్లీజ్.

ఊరికే_చదువుతా
ఈత నేర్చుకోండి. రోజుకు రెండు గంటలు మునిగితే పదేళ్లలో వసూలవుతుంది.

సైటింజనీరు
పద్నాలుగేళ్లుగా అపార్ట్‌మెంట్లు కడుతున్నా, నా సొంతిల్లు మాత్రం అద్దెదే. అందుకే ఈ లెక్క నాకు నోటికొచ్చు.

మీరు తిరిగిన ఏరియాల్లో మెయిన్ రోడ్డు పక్కన గజం లక్ష అనుకోండి. ఎకరానికి 4,840 గజాలు, అంటే 48 కోట్ల 40 లక్షలు. దాని మీద రెండున్నర లక్షల చదరపు అడుగులు కట్టారనుకుంటే అడుగుకి భూమి ఖర్చే 1,900 పైన పడుతుంది. స్ట్రక్చర్, ఫినిషింగ్, లిఫ్టులు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) అన్నీ కలిపి మా సైట్లో అడుగుకి 2,800 అవుతోంది. పర్మిషన్ ఫీజులు, మూడేళ్ల వడ్డీ, బ్రోచర్లు, హోర్డింగులు, ఆయన లాభం వేస్తే 6,500కి తక్కువ ఎవడూ అమ్మలేడు. మీ 45 లక్షలకి 690 అడుగులు. అదీ సూపర్ బిల్టప్, అంటే మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపి. లోపల కాళ్లు చాపుకునే జాగా 470 ఉంటే గొప్ప.

ఇసుక, స్టీలు రేటు ఊరంతా ఒకటే. కోకాపేటలో ఒక రేటు, ఘట్‌కేసర్‌లో ఒక రేటు ఉండదు. తేడా అంతా భూమి దగ్గరే వస్తుంది. కాబట్టి సిటీ ఏదైనా చేయాలంటే భూమి దగ్గర చేయాలి. మిగతావన్నీ పైపై పూతలు.

దస్తావేజుల_రావు
నాని గారూ, మీ 45 అంకె యాదృచ్ఛికమో కాదో గానీ జీఎస్టీ వాళ్ల అంకె కూడా అదే. 2019 ఏప్రిల్ నుంచి కడుతున్న ఫ్లాటు ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల లోపలి జాగా) 60 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతం, ఒక్కటి దాటినా 5 శాతం. 45 లక్షలకి పన్ను 45 వేలు. అదే 46 లక్షలైతే 2 లక్షల 30 వేలు. 60 మీటర్ల పరిమితి హైదరాబాద్‌తో సహా మెట్రోలకి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల 90 మీటర్లు.

ఆ 60 మీటర్లు అంటే 645 అడుగుల కార్పెట్. సూపర్ బిల్టప్‌లో 950 దాకా చూపిస్తారు. 950 అడుగులు 45 లక్షలకి రావాలంటే అడుగు 4,740 ఉండాలి. సైటింజనీరు గారేమో 6,500 అంటున్నారు. అంటే ఆ నిబంధన కాగితం మీద బతికే ఉంది గానీ ఊళ్లో దానికి సరిపడే ఇల్లు లేదు. ఇక రిజిస్ట్రేషన్ 2021 జులైలో 6 నుంచి 7.5 శాతం అయింది. 45 లక్షలకి 3 లక్షల 37 వేల 500. ఆ డబ్బు డీడీ తీసేటప్పుడు చాలామంది మొహాలు చూశాను.

నిజాంపేట_నాని
రావు గారూ, ఆ 7.5 శాతం నా లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు బడ్జెట్ 41కి దిగింది. థాంక్స్ చెప్పాలో ఏడవాలో తెలియట్లేదు.

ఊరికే_చదువుతా
ఈ థ్రెడ్ ఇంకో పది పోస్టులు నడిస్తే మీరు టెంటుకి దిగుతారు.

జీవోల_పిచ్చి
భూమి ఒక్కటే అనడం సగం నిజం. సిటీ చేతిలో ఇంకో పెద్ద ఆయుధం ఉండేది, మనం 2006లో దాన్ని ఉచితంగా పంచేశాం.

వేరే నగరాల్లో ఎఫ్ఎస్ఐ అని ఉంటుంది. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో దానికి ఒక కప్పు, అంటే పరిమితి. ఎక్కువ కట్టాలంటే సిటీని అడగాలి, ప్రతిగా ఏదో ఒకటి ఇవ్వాలి. 'ఇన్ని చిన్న ఫ్లాట్లు పేదలకి కట్టు, రెండంతస్తులు ఎక్కువ వేసుకో' అని బేరమాడొచ్చు. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఆ కప్పు తీసేసింది. తర్వాత 2012 నాటి జీవో 168 కూడా అదే దారి. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (చుట్టూ వదిలే ఖాళీ), అగ్నిమాపక నిబంధనలు సరిపోతే ఎంత ఎత్తైనా లేపుకోవచ్చు. బిల్డర్‌కి ఆకాశమే ఇచ్చేశాక ఇంక ఏం చూపించి చిన్న ఇళ్లు కట్టమంటాం?

పోనీ తప్పనిసరి వాటా అయినా ఉందా అంటే, పెద్ద ప్రాజెక్టుల్లో ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ (పేద, తక్కువ ఆదాయ వర్గాల) ఇళ్లకి కొంత ఉంచాలన్న మాట మన నిబంధనల్లోనూ వచ్చింది. దాని పక్కనే షెల్టర్ ఫీజు అని ఒక కిటికీ కూడా తెరిచారు. డబ్బు కట్టేస్తే ఇల్లు కట్టక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీలో పేదింటి బ్లాకు ఉండటం కంటే చలానా కట్టడం ఎవరికైనా సుఖం.

సైటింజనీరు
దీనికి మాత్రం ఒప్పుకోను. కప్పు తీసేయడం వల్లే ఇక్కడ 40 అంతస్తులు లేస్తున్నాయి, ఫ్లాట్లు ఎక్కువ వస్తున్నాయి. కప్పు బిగించి పెట్టిన ముంబైలో సామాన్యుడు కొనగలుగుతున్నాడా? మనం ముంబై కంటే చవగ్గా ఉన్నామంటే ఆ జీవో పుణ్యమే.

జీవోల_పిచ్చి
40 అంతస్తుల మీద ఎవరుంటున్నారో కూడా చెప్పండి. 2,500 అడుగుల త్రీబీహెచ్‌కేలు. ఎత్తు పెరిగేకొద్దీ అడుగు కట్టడానికి ఖర్చూ పెరుగుతుందని మీకే బాగా తెలుసు. ఎక్కువ కట్టనివ్వడం ఒకటి, చిన్నవి కట్టించడం ఇంకొకటి. మొదటిది చేశాం, రెండోది మార్కెట్ చూసుకుంటుందిలే అనుకున్నాం.

సైటింజనీరు
ఖర్చు పెరిగే మాట నిజమే. 18 మీటర్లు దాటితే హైరైజ్ కింద లెక్క, ఫైర్ ఎన్‌ఓసీ, అదనపు మెట్లు, రిఫ్యూజ్ ఏరియా (మంటలొస్తే జనం ఆగే చోటు) మొదలవుతాయి. చవగ్గా కట్టాలంటే స్టిల్ట్ ప్లస్ ఫైవ్‌ని (కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు) మించింది లేదు. కానీ గజం లక్ష పెట్టి కొన్నవాడు ఐదంతస్తులతో ఎందుకు ఆగుతాడు?

వర్లీ_సిరిసిల్ల
ముంబై పేరొచ్చింది కాబట్టి. మా తాత సిరిసిల్ల నుంచి మిల్లు పనికొచ్చి వర్లీలో బీడీడీ చాల్‌లో దిగాడు. 1920ల్లో అప్పటి బాంబే ప్రభుత్వం కట్టించిన చాళ్లు, అంటే వరస గదుల బిల్డింగులు. 160 అడుగుల గది, ఆరుగురం, కామన్ బాత్రూమ్. మగ్గం చప్పుడు ఆగినా మనుషుల చప్పుడు ఆగేది కాదు.

ఇప్పుడు అవి పడగొట్టి మహారాష్ట్ర ప్రభుత్వ గృహ సంస్థ మ్హాడా టవర్లు కడుతోంది. 160 అడుగుల వాళ్లకి 500 అడుగుల ఫ్లాట్ ఉచితం, అక్కడికక్కడే. మొదటి విడత తాళాలు 2025 ఆగస్టులో ఇచ్చారు. డబ్బెక్కడిదంటే, అదే స్థలంలో మిగిలిన చోట అదనంగా కట్టి అమ్ముకుంటారు. మురికివాడలకి 1995 నుంచి ఎస్ఆర్ఏ అని ఉన్నదీ ఇదే సూత్రం. అక్కడ ఉంటున్నవాళ్లకి ఊరికే ఇల్లిచ్చి, బిల్డర్ అదనపు ఎఫ్ఎస్ఐలో కట్టింది అమ్ముకుంటాడు. జీవోల_పిచ్చి గారు చెప్పిన బేరం అంటే ఇదే.

అయితే మరీ మోజు పడకండి. ఎస్ఆర్ఏ బిల్డింగులు కొన్ని చూస్తే రెండింటి మధ్య చెయ్యి చాపితే పక్కింటి కిటికీ తగులుతుంది. ఎండ పడదు. బేరంలో మిగిలిన ముక్కలోకి పేదవాళ్లని కుక్కుతారు.

కేపీహెచ్‌బీ_పాతకాపు
మీరంతా బిల్డర్‌ని ఎలా ఒప్పించాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నారు. మా కాలంలో బిల్డరే లేడు. హౌసింగ్ బోర్డే కట్టేది.

నాకు కూకట్‌పల్లిలో ఎల్ఐజీ ఇల్లు 1980ల్లో వచ్చింది. నెలనెలా వాయిదాలు. 'అక్కడెవరుంటారు, నక్కలు తిరుగుతాయి' అని మా మామగారు అమ్మాయిని పంపడానికే ఆలోచించారు. ఇప్పుడు అదే కేపీహెచ్‌బీ. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ (తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయ వర్గాల ఇళ్లు) అన్నీ ఒకే కాలనీలో పక్కపక్క వీధుల్లో ఉండేవి. మా వీధిలో ఫిట్టరు, పక్క వీధిలో లెక్చరరు, ఆ చివర ఇంజనీరు, పిల్లలందరికీ గ్రౌండు ఒకటే.

ఇంకా వెనక్కెళ్తే 1908 మూసీ వరదల తర్వాత 1912లో నిజాం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాడు. రోడ్లు వెడల్పు చేయడంతో పాటు ఇరుకు బస్తీలు తీసి ఇళ్లు కట్టించడం కూడా దాని పనే. సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు ఇప్పటికీ ఊళ్లో వినిపిస్తుంది. ఊరికి ఇళ్లు కట్టించడం ఈ నగరానికి కొత్త కాదు, మానేయడమే కొత్త.

బోడుప్పల్_బుజ్జి
పెద్దాయనా, మధ్యలో రాజీవ్ స్వగృహ మర్చిపోయారు. 2007లో మధ్యతరగతికి మార్కెట్ కంటే తక్కువకి ఫ్లాట్లు అని కార్పొరేషన్ పెట్టారు. బండ్లగూడ, పోచారం టవర్లు ఏళ్ల తరబడి పిట్టగూళ్లలా నిలబడ్డాయి. 2022లో లాటరీ వేసి అమ్మితే గానీ దీపం వెలగలేదు. ప్రభుత్వం కడితే అన్నీ కేపీహెచ్‌బీ కావు.

కేపీహెచ్‌బీ_పాతకాపు
మర్చిపోలేదు నాయనా, కావాలనే దాటేశాను.

దస్తావేజుల_రావు
😀 నిజాయితీ అంటే అదీ.

అంతస్తు_9
చాలాకాలంగా చదవడమే, మొదటిసారి రాస్తున్నా. మా అమ్మకి డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. కాలనీ పేరు చెప్పను, మా వాళ్లు కూడా ఇక్కడ చదువుతారు. 560 అడుగులు, రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు, రెండు బాత్రూములు. మేం ఒక్క రూపాయి కట్టలేదు. గృహప్రవేశం రోజు అమ్మ గోడలు తడుముతూ తిరిగింది. ఆ సంగతి ముందు చెప్పకపోతే తప్పవుతుంది.

ఇప్పుడు రెండోది. అమ్మ అమీర్‌పేట వైపు నాలుగిళ్లలో పని చేసేది. పాత అద్దె గది నుంచి నడిచి పది నిమిషాలు. కొత్త ఇంటి నుంచి ఆటో, బస్సు, మళ్లీ బస్సు. పొద్దున ఐదున్నరకి బయల్దేరినా మొదటి ఇంటికి లేటే. రెండు నెలలకి మూడిళ్లు పోయాయి. ఇప్పుడు వారంలో ఐదు రోజులు పిన్ని వాళ్లింట్లో ఉండి, శని ఆదివారాలు మన ఇంటికి వస్తుంది. సొంతిల్లు వీకెండ్ హోమ్ అయింది మాకు, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫామ్‌హౌస్ లాగా.

మాది తొమ్మిదో అంతస్తు. లిఫ్ట్ ఆగిన రోజు గ్యాస్ సిలిండర్ భుజం మీద మోసుకుపోయాను. మెయింటెనెన్స్ నెలకి ఇంత అని మీటింగ్ పెడితే సగం మంది రారు. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఉండాలి కదా.

ఊరికే_చదువుతా
ఈసారి జోక్ రావట్లేదు అన్నా.

జీవోల_పిచ్చి
అంతస్తు_9 చెప్పింది ఈ థ్రెడ్ మొత్తంలో అసలైన విషయం. ఆ పథకంలోనే రెండు రకాలు జరిగాయి చూడండి. 2015 నవంబర్‌లో మొదట తెరిచిన సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీ. 396 ఇళ్లు, ఉన్న బస్తీ తీసి అక్కడే కట్టారు. పని దగ్గరే, బడి దగ్గరే, పొరుగువాళ్లూ వాళ్లే. 2023 జూన్‌లో తెరిచిన కొల్లూరు చూస్తే ఒక్కచోటే 15,660 ఇళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. ఒక మున్సిపాలిటీ అంత ఊరు. మొదటి రకానికి బస్తీవాళ్లని ఒప్పించాలి, తాత్కాలికంగా ఎక్కడో ఉంచాలి, ఓపిక కావాలి. రెండోదానికి ఖాళీ ప్రభుత్వ భూమి ఉంటే చాలు. లక్ష ఇళ్ల టార్గెట్ పెట్టుకున్నప్పుడు దేనికి పోతారో వేరే చెప్పక్కర్లేదు.

కేపీహెచ్‌బీ_పాతకాపు
దూరం గురించి ఒక మాట. కేపీహెచ్‌బీ కూడా అప్పట్లో దూరమే. ఇరవై ఏళ్లు ఆగితే కొల్లూరూ సెంటర్ అవుతుంది.

అంతస్తు_9
అమ్మకి 54 ఏళ్లు సార్.

కేపీహెచ్‌బీ_పాతకాపు
...నిజమే బాబూ. తొందరపడి అన్నాను. ఇంకో సంగతీ గుర్తొచ్చింది. మాకు దూరం అనిపించకపోవడానికి కారణం పక్కనే బాలానగర్ ఫ్యాక్టరీలు, ఐడీపీఎల్, అటు బీహెచ్ఈఎల్. షిఫ్ట్‌కి సైకిల్ మీద పోయేవాళ్లం. పని ముందుంది, ఇళ్లు తర్వాత వచ్చాయి.

బెజవాడ_బాబాయ్
మా వైపు కథ కూడా కలపండి. ఇక్కడ రెండు ప్రభుత్వాలు రెండు రకాలుగా చేశాయి, నేను రెంటినీ తిడతాను కాబట్టి రాజకీయం కాదు.

ఒకటి టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టించిన అపార్ట్‌మెంట్లు. 300, 365, 430 అడుగులు మూడు సైజులు. షియర్ వాల్ కట్టడం, అంటే ఇటుక లేకుండా గోడ మొత్తం కాంక్రీటే. ఫోటో తగిలించడానికి మేకు కొడితే మేకు వంగుతుంది. తర్వాత వచ్చినవాళ్లు 300 అడుగుల వాళ్లకి ఒక్క రూపాయికే ఇస్తామన్నారు. మిగతా రెండు సైజులకి బ్యాంకు లోన్ ఉంది. నా స్నేహితుడు ఒకడి పేర 430 అడుగులది వచ్చింది. తాళం చేతికి రాకముందే బ్యాంకు నుంచి కిస్తీ కట్టమని నోటీసు వచ్చింది. ఏ ఊరు, ఏ బ్యాంకు అని అడక్కండి. ఇల్లు కనబడదు, అప్పు కనబడుతోంది అని వాడు నెత్తి కొట్టుకున్నాడు.

రెండోది సెంటు భూమి. 2020 డిసెంబర్‌లో 30 లక్షల పైచిలుకు పట్టాలు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48.4 గజాలు. కట్టుకోవడానికి 1 లక్షా 80 వేలు. సైటింజనీరు గారిని ఆ డబ్బుతో ఎంత లేస్తుందో అడగండి. ఇప్పటివాళ్లు పట్టణంలో 2, పల్లెలో 3 సెంట్లు అంటున్నారు.

సైటింజనీరు
1 లక్షా 80 వేలకి పునాది, గోడలు లేస్తాయి బాబాయ్. శ్లాబుకి వచ్చేసరికి ఆవిడ మెడలో పుస్తెలతాడు చూడాల్సిందే.

బెజవాడ_బాబాయ్
చాలామంది అదే చూశారు.

ఎడిసన్_సుధ
న్యూజెర్సీ నుంచి. అమెరికా అంటే అంతా మార్కెట్టే అనుకుంటారు గానీ మా రాష్ట్రంలో దీని మీద యాభై ఏళ్లుగా కోర్టు యుద్ధం నడుస్తోంది. 1975లో మౌంట్ లారెల్ అనే ఊరి మీద కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, ఏ ఊరైనా తన జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే) నిబంధనలతో పేదవాళ్లని బయట ఉంచడానికి వీల్లేదు, ప్రతి ఊరూ తన వాటా చవక ఇళ్లకి దారి ఇవ్వాలి. ఊళ్లు నాన్చుతుంటే 1983లో ఇంకా గట్టిగా చెప్పింది. ఊరు తన వాటా ప్లాన్ చేయకపోతే బిల్డరే కోర్టుకెళ్లొచ్చు. 'నేను ఇందులో ఇన్ని చవక ఇళ్లు పెడతాను, మామూలు కంటే ఎక్కువ కట్టనివ్వండి' అని గెలుచుకురావచ్చు. అంటే బిల్డర్ లాభాపేక్షనే ఊరి మీదికి వదిలారన్నమాట. సాధారణంగా అద్దె ఇళ్లయితే 15 శాతం, అమ్మకానివైతే 20 శాతం అలా పక్కన పెడతారు.

జీవోల_పిచ్చి గారు షెల్టర్ ఫీజు అన్నప్పుడు నవ్వొచ్చింది. ఇక్కడా ఒకప్పుడు డబ్బున్న ఊళ్లు తమ వాటాలో సగం దాకా వేరే పేద ఊరికి డబ్బిచ్చి అంటగట్టేవి. 2008లో అది రద్దు చేశారు. కిటికీ మూస్తే గానీ తలుపు వైపు రారు.

సిగ్గుతో ఒక మాట. మా టౌన్‌షిప్ మీటింగ్‌లో అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు వస్తే 'స్కూల్ రేటింగ్ పడిపోతుంది' అని మైక్ పట్టుకున్న వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ముగ్గురు రూమ్మేట్లతో ఇక్కడే ఇరుకు అపార్ట్‌మెంట్లో మొదలైనవాళ్లే.

ఊరికే_చదువుతా
రైలు ఎక్కేదాకా 'జరగండి జరగండి', ఎక్కాక 'లోపల ఖాళీ లేదు'.

సైటింజనీరు
సుధక్క చెప్పింది బాగుంది గానీ ఇక్కడ పని చేయదు. 20 శాతం చవగ్గా ఇవ్వాలంటే ఆ నష్టం మిగతా 80 శాతం మీద వేస్తాడు. ఆ 80లో కొనేది నాని లాంటివాళ్లే. పేదవాడికి ఇల్లు మధ్యతరగతి వాడి జేబులోంచి.

ఎడిసన్_సుధ
ఊరికే 20 శాతం అంటే నిజమే. అందుకే ప్రతిగా ఎక్కువ కట్టనిస్తారు తమ్ముడూ. మీ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదని మళ్లీ 2006 దగ్గరికే వచ్చాం.

బోడుప్పల్_బుజ్జి
మీరంతా టవర్ల చుట్టూనే తిరుగుతున్నారు. హైదరాబాద్‌లో చవక ఇల్లు ఎవరు కడుతున్నారో తెలుసా? మా నాన్న.

బోడుప్పల్‌లో 100 గజాలు, అప్పట్లో చిట్టీ పాడి కొన్నాడు. మొదట రేకుల గది. అక్క పెళ్లయ్యాక శ్లాబు. తర్వాత పైన రెండు పోర్షన్లు. ఇప్పుడు ఒకదాంట్లో ఎలక్ట్రీషియన్ కుటుంబం, ఒకదాంట్లో నర్సింగ్ చేసే ముగ్గురు ఆడపిల్లలు. అద్దె 7 వేలు. ఇలాంటి ఇళ్లు మా గల్లీ నిండా ఉన్నాయి, ఏ పథకం లెక్కలోనూ లేవు. ఊరికి ఇల్లు ఇస్తున్నది వీళ్లు.

సిటీ వీళ్లకి మేలు చేసింది ఒకటుంది. 2020 నవంబర్‌లో వచ్చిన ఆన్‌లైన్ పర్మిషన్ల పద్ధతి టీఎస్ బీపాస్‌లో 75 గజాల లోపు, జీ ప్లస్ వన్ అయితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్లో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే. అంతకుముందు ప్లాన్ పట్టుకుని తిరగడానికే చెప్పులు అరిగేవి. అలాగే 2014 చివర్లో వచ్చిన జీవో 58. ప్రభుత్వ స్థలంలో ఇల్లేసుకున్న పేదలకి 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరణ. పట్టా చేతికొస్తే మనిషి ధైర్యంగా శ్లాబు వేస్తాడు. ఇల్లు కట్టించడం అంటే అది కూడా.

జీవోల_పిచ్చి
బుజ్జీ, మంచి పాయింట్. కానీ 75 గజాల స్థలం ఇప్పుడు కొత్తగా ఎక్కడ కొంటావు? లేఅవుట్లలో 150, 200 గజాలకి తక్కువ వేయట్లేదు. ఉన్నవాడికి సుఖం గానీ నానికి కాదు.

బోడుప్పల్_బుజ్జి
కరెక్టే. చిన్న ప్లాట్ల లేఅవుట్‌కి ఫీజు తగ్గిస్తే వేస్తారు. నా ఉద్దేశంలో ఫ్లాట్ల కంటే అదే సులువు. ఇందిరమ్మ ఇళ్ల 5 లక్షలు కూడా ముందు సొంత జాగా ఉన్నవాళ్లకే అన్నారు. సిటీలో సొంత జాగా ఉన్న పేదవాడు ఎంతమంది?

దస్తావేజుల_రావు
భూమి మాట వచ్చింది కాబట్టి నా కడుపుమంట ఒకటి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో హెచ్ఎండీఏ ఒక ప్లాటుని ఎకరా 100 కోట్ల 75 లక్షల లెక్కన అమ్మింది. మొత్తం 45 ఎకరాల పైచిలుకుకి 3,300 కోట్లు దాటి వచ్చాయి. ఆ మర్నాడు మా ఆఫీసుకి వచ్చిన ప్రతి రైతూ, ప్రతి బ్రోకరూ అదే పేపరు ముక్క చూపించాడు. 'పక్కన వంద కోట్లట, మాది ముప్పయ్యైనా పలకదా' అని. చవక ఇళ్లు కావాలనేదీ ప్రభుత్వమే, ఊరి భూమి రేటుని వేలంపాటలో పైకి ఎగదోసేదీ ప్రభుత్వమే.

సైటింజనీరు
నేను మొదట్లో చెప్పింది ఇదే కదా. ప్రభుత్వ భూమిలో ప్రతి వేలంలో ఐదో వంతు పక్కన పెట్టి, మెట్రో పక్కన స్టిల్ట్ ప్లస్ ఫైవ్ కట్టమని టెండర్ పిలవండి. భూమి ధర సున్నా, అడుగు 3,500కి కట్టి ఇవ్వడానికి పదిమంది బిల్డర్లు లైన్లో ఉంటారు. నేనే సూపర్‌వైజ్ చేస్తా.

వర్లీ_సిరిసిల్ల
అహ్మదాబాద్ వైపు ఇది పాత పద్ధతే. టౌన్ ప్లానింగ్ స్కీమ్ వేసేటప్పుడే రోడ్లకి, పార్కులకి తీసినట్టు బలహీన వర్గాల ఇళ్లకి కూడా స్థలం తీస్తారు, పది శాతం దాకా తీయొచ్చని చట్టంలోనే ఉంది. ఊరు పెరగకముందే తీయాలి. పెరిగాక ఎవడిస్తాడు.

అంతస్తు_9
అలా కడితే దయచేసి ఊరికే ఇవ్వకండి. నెలకి మూడు వేల అద్దెకివ్వండి, పని ఉన్న చోట. అమ్మ మొదటి నుంచీ అదే అంటోంది. 'ఇల్లు నాది కాకపోయినా పర్లేదు, దగ్గరుంటే చాలు' అని.

బెజవాడ_బాబాయ్
అద్దె ఇళ్లకి మన దగ్గర రిబ్బన్ కట్ చేసే సరదా ఉండదు బాబూ. పట్టా ఇస్తే ఫోటో ఉంటుంది.

దస్తావేజుల_రావు
నాని గారూ, చర్చ ఎటో పోయింది గానీ మీ సంగతి. పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. ఇల్లు 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు అయితే మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1 లక్షా 80 వేల దాకా, ఐదు విడతల్లో. పక్కా ఇల్లు ఎక్కడా ఉండకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి.

నిజాంపేట_నాని
78 వేలు ఇంటూ 12. తొమ్మిది లక్షల 36 వేలు.

ఊరికే_చదువుతా
36 వేలతో పేదవాడివి కాకుండా పోయావు. కంగ్రాట్స్.

బోడుప్పల్_బుజ్జి
నాని అన్నా, కొత్తది మానేసి రీసేల్ చూడు. పదేళ్ల పాత ఫ్లాట్, స్టిల్ట్ ప్లస్ ఫోర్, పూల్ ఉండదు, వాచ్‌మన్ ఉంటాడు. ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిన రీసేల్‌కి జీఎస్టీ కూడా లేదు.

దస్తావేజుల_రావు
ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల రికార్డు) ముప్పై ఏళ్లకి తీయించండి. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, బయట ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పెంట్‌హౌస్ అని ప్రేమగా పిలిచేది చాలాసార్లు ప్లాన్‌లో ఉండదు.

సైటింజనీరు
వర్షం పడిన మర్నాడు వెళ్లి చూడండి. పై అంతస్తు సీలింగ్ మూలలు, బాత్రూమ్ వెనక గోడ. లొకేషన్ పెడితే నేనూ వస్తా, టీ ఇప్పిస్తే చాలు.

నిజాంపేట_నాని
ప్రగతినగర్‌లో ఒకటి ఉంది. 2013లో కట్టింది, 880 అడుగులు, 43 చెప్తున్నారు. మూడో అంతస్తు. ఈ ఆదివారం పది గంటలకి. సైటింజనీరు గారూ, టీతో పాటు ఉస్మానియా బిస్కెట్ కూడా.

అంతస్తు_9
లిఫ్ట్ ఎక్కి చూసి, తర్వాత ఒకసారి మెట్లు కూడా ఎక్కి చూడండి.

ఊరికే_చదువుతా
చేతిలో సిలిండర్ పట్టుకుని.